గీత ఎక్కడ సున్నాను తాకింది?

2023 జులై నెలాఖరును ఒకసారి గుర్తు తెచ్చుకుందాం. అయస్కాంతం మీద ఓ నల్లటి పెచ్చు ఒక కొస ఆనించి, రెండో కొస గాలిలోకి లేపి నిలబడిన చిన్న వీడియో మన ఫోన్లన్నిటిలోనూ తిరిగింది. కరెంటును ఏమాత్రం నష్టం లేకుండా, అదీ మామూలు గది వేడిలోనే, పోనిచ్చే పదార్థాన్ని దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు తయారుచేశారని దాని సారాంశం. పదార్థం పేరు ఎల్‌కె-99. ఇక కరెంటు బిల్లులు సగమవుతాయని, రైళ్లు గాలిలో తేలుతూ పోతాయని ఎవరికి తోచింది వారు చేర్చారు. బడిలో పదో తరగతి పిల్లలు "నిజమేనా సార్?" అని అడిగారు. మాలో కొందరం నిజమేనట అన్నాం. మరికొందరం ఇలాంటివి రోజుకొకటి వస్తుంటాయి, ముందు పాఠం చదవండి అన్నాం. ఆలోచిస్తే ఆ రెండూ జవాబులు కావు. ఒకటి వార్తను నమ్మింది, రెండోది వార్తను తోసేసింది. ఎలా కొలిచారు అని మాత్రం రెండూ అడగలేదు.

ఆ కొరియా వ్యాసం జులై 22న బయటికొచ్చింది. సరిగ్గా పది రోజుల ముందు, జులై 12న, ఇదే విషయం మీద మరో వ్యాసం 'నేచర్' పత్రికలో వెలువడింది. చైనాలోని గ్వాంగ్‌ఝౌ నగరంలో ఉన్న సున్ యట్‌సెన్ విశ్వవిద్యాలయం బృందం రాసినది అది. ల్యాంథనం, నికెల్, ఆక్సిజన్ కలిసిన ఒక ఆక్సైడును విపరీతమైన ఒత్తిడిలో పెట్టి కొలిచామని, అతివాహకత ఆనవాళ్లు కనిపించాయని వారు చెప్పారు. దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

నెల తిరక్కుండానే మొదటి వార్త ఆరిపోయింది. రెండోది పెరుగుతూ వచ్చింది. 2024 డిసెంబరులో అమెరికాలో, 2025 ఫిబ్రవరిలో చైనాలో అదే కుటుంబపు ఆక్సైడును కంటికి కనిపించనంత పలుచని పొరలుగా పేర్చి, ఒత్తిడి యంత్రం అవసరం లేకుండానే అతివాహకంగా పనిచేయించారు. ఒకే నెలలో పుట్టిన రెండు వార్తల్లో ఒకటి ఎందుకు నిలిచింది, ఇంకొకటి ఎందుకు నిలవలేదు? మన పిల్లల సైన్సు చదువుకు ఈ ప్రశ్న ముఖ్యమని మేము అనుకుంటున్నాం. దీనికి జవాబు వెతకడానికి పదో తరగతి ఓమ్ నియమం కంటే పెద్ద చదువేమీ అక్కర్లేదు.

సున్నా అంటే నిజంగా సున్నా

రాగి తీగలో కరెంటు పారుతుంటే తీగ కొంచెం వేడెక్కుతుంది. ఆ వేడి మనం డబ్బు కట్టి వృథా చేస్తున్న విద్యుత్తు. దానికి కారణం నిరోధం. తీగను చల్లబరిస్తే నిరోధం తగ్గుతుంది కానీ రాగిలో అది పూర్తిగా పోదు. 1911లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఓనెస్ పాదరసాన్ని ద్రవ హీలియంతో చల్లబరుస్తూ కొలిచాడు. 4.2 కెల్విన్ దగ్గర, అంటే సున్నాకు 269 డిగ్రీల సెల్సియస్ దిగువన, నిరోధం మెల్లగా తగ్గడం కాదు, ఒక్కసారిగా మాయమైంది. దీన్నే అతివాహకత అన్నారు. అతివాహక తీగను ఉంగరంగా చుట్టి కరెంటు పుట్టిస్తే, బ్యాటరీ తీసేసినా అది తిరుగుతూనే ఉంటుంది. 1963లో ఇద్దరు పరిశోధకులు అలాంటి కరెంటు తరిగే వేగాన్ని కొలిచి, అది పోవడానికి లక్ష ఏళ్లకు తక్కువ పట్టదని లెక్కగట్టారు.

అంత చలి పుట్టించడం ఖర్చుతో కూడిన పని. అందుకే 1986లో స్విట్జర్లాండ్‌లోని ఐబీఎం ప్రయోగశాలలో బెండ్నార్జ్, ముల్లర్ అనే ఇద్దరు ఒక రాగి ఆక్సైడులో 30 కెల్విన్ ప్రాంతంలోనే అతివాహకత మొదలవుతున్నట్టు చూపినప్పుడు ప్రపంచం ఉలిక్కిపడింది. మరుసటి ఏడాదే ఇట్రియం, బేరియం, రాగి కలిసిన ఆక్సైడు 93 కెల్విన్ దగ్గర అతివాహకమైంది. ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్ దగ్గర మరుగుతుంది, హీలియంతో పోలిస్తే చాలా చవక. ఆక్సైడు అంటే ఒక రకం పింగాణీ. మామూలుగా కరెంటును అడ్డుకునే పింగాణీ జాతి నుంచే కరెంటుకు అడ్డే లేని పదార్థం రావడం అప్పట్లో పెద్ద వింత.

ఈ కథలో మన దేశానికీ చోటుంది. రాగి ఆక్సైడులు పేరు తెచ్చుకోవడానికి పదేళ్ల ముందే, 1970ల్లో, సి.ఎన్.ఆర్. రావు, పి. గంగూలీ ఇలాంటి పొరల నిర్మాణం ఉన్న ఆక్సైడులలో విద్యుత్తు ఎలా పారుతుందో అధ్యయనం చేసి ప్రచురించారు. ల్యాంథనం నికెల్ ఆక్సైడు, ల్యాంథనం రాగి ఆక్సైడు ఆ జాతివే. ఇప్పుడు వార్తల్లో ఉన్న నికెల్ ఆక్సైడు అదే కుటుంబంలో ఇంకో బిడ్డ.

నాలుగు తీగలు ఎందుకు?

సున్నాను కొలవడం చూడ్డానికి సులువు, చేయడానికి కష్టం. బడి ప్రయోగశాలలో మల్టీమీటరు ఉంటే దాని రెండు కొసలనూ ఒకదానికొకటి తాకించి చూడండి. మధ్యలో ఏ వస్తువూ లేకపోయినా అది ఓమ్‌లో కొన్ని పదో వంతులు చూపిస్తుంది. అది తీగల నిరోధం, కొసలు తాకిన చోటి నిరోధం. అంటే మనం కొలవబోయే వస్తువు నిరోధం నిజంగా సున్నా అయినా ఈ పద్ధతిలో సున్నా కనిపించదు.

దీనికి విరుగుడు ఉంది. పదార్థం మీద వరసగా నాలుగు చోట్ల సన్నని తీగలు అతికిస్తారు. బయటి రెండింటి గుండా కరెంటు పంపుతారు. లోపలి రెండింటి మధ్య వోల్టేజి చూస్తారు. మంచి వోల్టుమీటరు గుండా కరెంటు దాదాపు పారదు. కరెంటు పారని తీగలో, అతుకులో వోల్టేజి పడదు. కాబట్టి మీటరు చూపేది లోపలి రెండు అతుకుల మధ్య ఉన్న పదార్థం వోల్టేజి మాత్రమే. తరవాత కరెంటు దిశ మార్చి మళ్లీ కొలుస్తారు. తీగ ఒక కొస చల్లగా, మరో కొస వెచ్చగా ఉండటం వల్ల దానంతటదే పుట్టే చిన్న వోల్టేజి దిశ మార్చినా అలాగే ఉంటుంది. పదార్థం వల్ల వచ్చేది మాత్రం తిరగబడుతుంది. రెండు కొలతల తేడాలో సగం తీసుకుంటే దొంగ వోల్టేజి పోయి అసలుది మిగులుతుంది.

ఇలా ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర కొలుస్తూ గ్రాఫు గీస్తారు. అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా నిరోధం. అతివాహకత గురించి వచ్చే దాదాపు ప్రతి వార్త వెనుకా ఈ ఒక్క గ్రాఫు ఉంటుంది. వార్తను చదవడమంటే ఈ గ్రాఫును చదవడమే.

ఎల్‌కె-99 ఎక్కడ జారింది?

సీసం, ఫాస్ఫరస్, ఆక్సిజన్ ఉన్న ఖనిజంలో కొంత సీసం బదులు రాగి చేర్చితే వచ్చేది ఎల్‌కె-99. దానిలో 400 కెల్విన్ వరకు, అంటే 127 డిగ్రీల సెల్సియస్ దాకా, అతివాహకత ఉంటుందని ఆ బృందం ప్రకటించింది. వారి గ్రాఫులో సుమారు 104 డిగ్రీల దగ్గర నిరోధం ఒక్కసారిగా పడిపోయింది. చూసినవారికి అదే అతివాహకత అనిపించింది.

అయితే ఆ 104 అనే అంకెను రసాయన శాస్త్రజ్ఞులు ముందే ఎరుగుదురు. ఎల్‌కె-99 తయారీలో పక్కన పుట్టే చెత్త పదార్థాల్లో రాగి సల్ఫైడు ఒకటి. దాని నిర్మాణం సరిగ్గా ఆ వేడి దగ్గరే మారుతుంది, అప్పుడు దాని నిరోధం కూడా దూకుతుంది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసే ప్రశాంత్ జైన్ ఈ సంగతి గుర్తుపట్టాడు. బీజింగ్‌లోని చైనా విజ్ఞాన అకాడమీ భౌతిక సంస్థ పరిశోధకులు రాగి సల్ఫైడును విడిగా కొలిచి ఆ దూకుడు దానిదేనని చూపారు. జర్మనీలో స్టుట్‌గార్ట్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ ఏ కల్తీ లేని స్ఫటికం పెంచి చూస్తే అది అతివాహకం కాదు సరికదా, కరెంటునే పోనివ్వని నిరోధకం అని తేలింది. దిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల కూడా తయారుచేసి చూసి, అతివాహకత లేదని చెప్పింది. వీడియోలో సగం లేచిన పెచ్చు సంగతీ అంతే. మామూలు అయస్కాంత గుణం ఉన్న ముక్క కూడా అలా ఒక కొస మీద నిలబడగలదు.

ఇక్కడ నేర్చుకోవలసింది ఒకటుంది. నిరోధం పడిపోవడం వేరు, సున్నా కావడం వేరు. మెట్టు దిగినవాడల్లా నేల మీదకు చేరినట్టు కాదు.

ఒత్తిడి యంత్రం నుంచి ఇరుకు బెంచీకి

ఇప్పుడు నికెల్ ఆక్సైడు సంగతి. ఆవర్తన పట్టికలో రాగికి పక్కిల్లు నికెల్. రాగి ఆక్సైడులో జరిగేది నికెల్ ఆక్సైడులోనూ జరగవచ్చని సిద్ధాంతకర్తలు 1999లోనే అన్నారు. ఇరవై ఏళ్ల తరవాత, 2019 ఆగస్టులో, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో డాన్‌ఫెంగ్ లీ, హెరాల్డ్ హ్వాంగ్ బృందం దాన్ని చేసి చూపింది. నియోడిమియం, స్ట్రాన్షియం, నికెల్ ఉన్న ఆక్సైడు పొర 9 నుంచి 15 కెల్విన్ మధ్య అతివాహకమైంది. పొర మందం పది నానోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. మనం రాసుకునే కాగితం మందంలో అది పదివేలో వంతు.

ఆ తరవాత కొన్ని నెలల పాటు అనుమానాలు నడిచాయి. అదే పదార్థాన్ని పొడిగా, ముద్దగా చేసినవారికి అతివాహకత కనిపించలేదు. పొరలో ఉండి ముద్దలో లేకపోతే అది పదార్థం గుణమా, అడుగున ఉన్న స్ఫటికం మాయా? 2020లో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయం బృందం సొంతంగా పొరలు చేసి అదే ఫలితం చూపాక అనుమానం సడలింది. కొరియా పదార్థానికి దొరకనిది, ఈ పొరకు దొరికింది ఇదే: పరాయి చేతి సాక్ష్యం.

2023 జులై నాటి గ్వాంగ్‌ఝౌ పని దీనికి అన్నలాంటి మరో నికెల్ ఆక్సైడు మీద జరిగింది. రెండు వజ్రపు మొనల మధ్య స్ఫటికాన్ని నొక్కి, ఒత్తిడి 14 గిగాపాస్కల్స్ దాటించారు. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి అది దాదాపు 1.4 లక్షల రెట్లు. అప్పుడు 80 కెల్విన్ దగ్గర అతివాహకత ఆనవాళ్లు కనిపించాయి. కానీ వజ్రాల మధ్య ఇరుక్కున్న రవ్వంత స్ఫటికంతో తీగ చేయలేం, యంత్రం చేయలేం, దాని మీద రకరకాల పరీక్షలూ చేయలేం.

పలుచని పొర అవసరం ఇక్కడే వచ్చింది. ఐదుగురు కూర్చునే బెంచీ మీద ఆరుగురిని కూర్చోబెడితే అందరూ భుజాలు దగ్గరకు తీసుకుంటారు. ఎవరూ పైనుంచి నొక్కక్కర్లేదు, బెంచీ కొలతే ఆ పని చేస్తుంది. అలాగే ఒక స్ఫటికాన్ని అడుగున పెట్టి దాని మీద నికెల్ ఆక్సైడును ఒక్కో అణువుల వరసగా పేరుస్తారు. అడుగు స్ఫటికంలో అణువుల మధ్య దూరం కొంచెం తక్కువ, సుమారు రెండు శాతం. పైన పేర్చిన అణువులు ఆ దూరానికే సర్దుకుని, అడ్డంగా నొక్కుకుపోతాయి. వజ్రాలు చేసిన పనిలో కొంత భాగాన్ని అడుగు స్ఫటికమే ఎప్పటికీ చేస్తూ ఉంటుంది. పొర పలుచగా ఉన్నంతవరకే ఇది సాగుతుంది. మందం పెరిగితే పై వరసలు తమ సొంత దూరానికి తిరిగి వెళ్లిపోతాయి.

అణువుల వరసలు పేర్చే పద్ధతుల్లో ఒకటి లేజర్ పద్ధతి. ముద్దగా చేసిన ఆక్సైడు మీద లేజర్ కాంతిని దెబ్బలు దెబ్బలుగా కొడితే ఆవిరి లేచి, ఎదురుగా వేడిగా ఉన్న స్ఫటికం మీద పరుచుకుంటుంది. అతివాహక ఆక్సైడు పొరలను ఇలా చేయవచ్చని 1987లో అమెరికాలోని బెల్‌కోర్ ప్రయోగశాలలో చూపిన బృందంలో ముఖ్యుడు మన దేశం నుంచి వెళ్లిన తిరుమలై వెంకటేశన్. స్టాన్‌ఫర్డ్ వారి నికెల్ పొరలు ఈ పద్ధతిలో వచ్చినవే.

రెండు అంకెల మధ్య

2024 డిసెంబరులో స్టాన్‌ఫర్డ్ బృందం ఈ పొరల ఫలితాలు ప్రచురించింది. వార్తాపత్రికల శీర్షికల్లో కనిపించిన అంకె 42 కెల్విన్. మూల వ్యాసం చదివితే అంకెలు రెండున్నాయి. చల్లబరుస్తూ పోతే నిరోధం గీత కిందికి వంగడం పొరను బట్టి 26 నుంచి 42 కెల్విన్ మధ్య మొదలైంది. ఆ గీత పూర్తిగా సున్నాను తాకింది మాత్రం సుమారు 2 కెల్విన్ దగ్గర. వంపు మొదలైన చోటికీ, సున్నా తాకిన చోటికీ మధ్య అంత ఎడం.

ఇందులో మోసమేమీ లేదు. రెండు అంకెలనూ ఆ పరిశోధకులే రాశారు, ఎడం ఎందుకు వచ్చిందో కూడా చెప్పారు. ఈ ఆక్సైడులో నికెల్ వరసలు రెండేసి జంటగా ఉండాలి. పేర్చేటప్పుడు కొన్ని చోట్ల ఒకటే వస్తుంది, కొన్ని చోట్ల మూడొస్తాయి. షోలాపూరు మగ్గాల దగ్గర పెరిగిన పిల్లలకు ఇది చెప్పక్కర్లేదు. నేతలో పోగు తప్పితే ఆ చోటు బట్ట అంతా పట్టి చూపిస్తుంది. దీనికి తోడు ఆక్సిజన్ కాస్త తక్కువైనా గుణం చెడుతుంది. అందుకే పొరలను ఓజోన్ వాయువులో వేడిచేసి ఆక్సిజన్ ఎక్కిస్తారు. పొరలో బాగున్న చోట్లు ముందుగా అతివాహకమవుతాయి, బాగాలేని చోట్లు వెనకబడతాయి. అన్ని అడ్డంకులూ తొలగి ఒక కొస నుంచి మరో కొసకు దారి ఏర్పడ్డాకే గీత సున్నాకు చేరుతుంది.

2025 ఫిబ్రవరిలో చైనాలోని షెంజెన్ నగరం నుంచి వచ్చిన ఫలితం ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడి దక్షిణ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయం బృందం ల్యాంథనంలో కొంత భాగానికి బదులు ప్రెసియోడిమియం చేర్చి పొరలు పేర్చింది. వంపు 45 కెల్విన్ దగ్గర మొదలైంది. సున్నా ఇక్కడా బాగా కిందనే వచ్చింది. కానీ అయస్కాంత పరీక్షలో కూడా పొర అతివాహకంలా ప్రవర్తించిందని వారు చూపగలిగారు.

అయస్కాంత పరీక్ష ఎందుకంత ముఖ్యం? ఊరికి పది దార్లున్నాయనుకుందాం. తొమ్మిది తెగిపోయి ఒక్కటి మిగిలినా బస్సు ఊళ్లోకి వస్తుంది. బస్సు వచ్చింది కాబట్టి పది దార్లూ బాగున్నాయని చెప్పలేం. కరెంటు కూడా అంతే. పొరలో ఒక సన్నని గీత మేరకు అతివాహకమైనా కరెంటంతా ఆ దారినే పోతుంది, మీటరు సున్నా చూపుతుంది. మిగతా పొరంతా మామూలు ఆక్సైడే కావచ్చు. అందుకే రెండో సాక్షి కావాలి. అతివాహకం తనలోంచి అయస్కాంత క్షేత్రాన్ని బయటికి నెట్టేస్తుందని 1933లో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ కనుగొన్నారు. పొరలో ఎంత భాగం నిజంగా మారిందో ఈ పరీక్ష చెబుతుంది. కరెంటు కొలత, అయస్కాంత కొలత ఒకే మాట చెప్పినప్పుడే నమ్మకం కుదురుతుంది.

ఇంకో సంగతి గమనించాలి. గ్వాంగ్‌ఝౌ వ్యాసం, స్టాన్‌ఫర్డ్ వ్యాసం, రెండింటి శీర్షికల్లోనూ ఉన్న మాట 'ఆనవాళ్లు'. 1986 నాటి బెండ్నార్జ్, ముల్లర్ వ్యాసం శీర్షికలో ఉన్నది 'సాధ్యమయ్యే' అన్న మాట. మరుసటి ఏడాదే నోబెల్ బహుమతి తెచ్చిన వ్యాసం అంత అణకువగా మొదలైంది. వారి గ్రాఫులో కూడా వంపు 30 కెల్విన్ ప్రాంతంలో మొదలై, సున్నా చాలా కింద వచ్చింది. గట్టిగా కొలిచినవారు మెల్లగా మాట్లాడటం ఈ రంగంలో కనిపించే మంచి గుర్తు. దీనికి ఎదురు ఉదాహరణా ఉంది. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం నుంచి గది ఉష్ణోగ్రత అతివాహకం పేరుతో 2020లో ఒకటి, 2023లో ఒకటి వచ్చిన రెండు వ్యాసాలను 'నేచర్' తరవాత వెనక్కి తీసుకుంది. పెద్ద పత్రికలో అచ్చు కావడం కూడా చివరి మాట కాదన్నమాట.

మన ఊళ్లకు దీనితో పనేమిటి?

2 కెల్విన్ చలిలో పనిచేసే పొర వల్ల మన వీధి దీపానికి ఒరిగేది ప్రస్తుతానికి లేదు. ఆ మాట దాచక్కర్లేదు. అయితే పలుచని పొర అంటే ప్రయోగశాలలో ఆటవస్తువు అనుకోవడమూ తప్పే. 1987లో రాగి ఆక్సైడు ముద్దలు ద్రవ నైట్రోజన్ చలిలో ఎక్కువ కరెంటు మోయలేకపోయాయి. రేణువుకూ రేణువుకూ మధ్య అంచు దగ్గర కరెంటు ఆగిపోయేది. అదే ఏడాది ఐబీఎం పరిశోధకులు అదే ఆక్సైడును ఒక్క స్ఫటికంలా పొరగా పేర్చి, చదరపు సెంటీమీటరుకు లక్ష ఆంపియర్లకు మించి మోయించారు. లోపం పదార్థంలో లేదు, పేర్పులో ఉందని అలా తెలిసింది. ఇప్పుడు లోహపు రిబ్బను మీద ఆ జాతి ఆక్సైడును పొరగా పరిచి కిలోమీటర్ల లెక్కన తీగ తయారుచేస్తున్నారు. 2021 సెప్టెంబరులో అమెరికాలో ఎంఐటీ, ఒక ప్రైవేటు సంస్థ కలిసి అణు సంలీన ప్రయోగాల కోసం 20 టెస్లాల అయస్కాంతాన్ని ఈ రిబ్బనుతోనే నడిపించి చూపాయి.

మన దేశంలో 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం రూ.6,003.65 కోట్లతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. అతివాహక పరికరాలతో క్వాంటం కంప్యూటర్లు చేయడం దాని లక్ష్యాల్లో ఒకటి. ఆ మిషన్ నాలుగు కేంద్రాల్లో మూడు మనం ఉన్న రాష్ట్రాల్లోనే వచ్చాయి: బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ, చెన్నైలో ఐఐటీ మద్రాసు, ముంబయిలో ఐఐటీ బొంబాయి. నాలుగోది ఐఐటీ దిల్లీ. అమరావతిలో ఐబీఎం, టీసీఎస్‌లతో కలిసి క్వాంటం కంప్యూటరు పెడతామని 2025 మేలో ప్రకటన వచ్చింది. ఆ యంత్రాల గుండెకాయ కూడా అతివాహక పొరే. అది ఆక్సైడు కాదు, లోహం. దాన్ని మరింత చలిలో వాడతారు. కానీ పొరను పేర్చడం, కొలవడం, లోపం పట్టుకోవడం అనే పని ఒకటే.

అంటే రాబోయే పదేళ్లలో ఈ మాటలు మన పిల్లల చెవిన తరచూ పడతాయి. నిజమైన పనితో పాటు అబద్ధపు ప్రచారమూ పడుతుంది. అతివాహకం పేరు చెప్పి పొదుపు పెట్టెలు అమ్మేవారు, క్వాంటం కోర్సు అంటూ ఫీజు వసూలు చేసేవారు వస్తారు. ఆ రోజు తల్లిదండ్రులుగా మనం నష్టపోయేది డబ్బు. ఏది కొలిచిన మాటో, ఏది ఊరికే అన్న మాటో తేల్చుకోలేకపోతే పిల్లలు నష్టపోయేది అంతకన్నా పెద్దది.

తరగతి గదిలో నాలుగు ప్రశ్నలు

ఉపాధ్యాయులకు మా మనవి ఇది. ఓమ్ నియమం చెప్పే రోజు ఒక పీరియడు దీనికి కేటాయించండి. మల్టీమీటరు కొసలు రెండూ తాకించి, అది సున్నా ఎందుకు చూపడం లేదో పిల్లలనే చెప్పమనండి. నాలుగు తీగల బొమ్మ నల్లబల్ల మీద గీసి, ఏ రెండింటిలో కరెంటు పారుతుందో, ఏ రెండింటిలో పారదో వారి చేతే గుర్తులు పెట్టించండి. తరవాత రెండు గ్రాఫులు గీయండి. ఒకదానిలో గీత మెట్టులా పడి ఒక ఎత్తున ఆగిపోవాలి. మరోదానిలో వంగి, జారి, చివరికి అడుగు గీతను తాకాలి. ఏది అతివాహకమో అడగండి. ఇంట్లో తెలుగు, బడిలో తెలుగు, ఊళ్లో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో మాట్లాడే మన పిల్లలకు గ్రాఫు అన్ని భాషల్లోనూ ఒకేలా కనిపిస్తుంది.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ నాలుగు ప్రశ్నలు వేయడం అలవాటు చేయండి. ఎన్ని తీగలతో కొలిచారు? గీత ఎక్కడ వంగింది, ఎక్కడ సున్నాను తాకింది? అయస్కాంత పరీక్ష కూడా అదే చెప్పిందా? ఇంకో ఊళ్లో, ఇంకో చేతుల్లో అదే ఫలితం వచ్చిందా? ఎల్‌కె-99 నాలుగో ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. నికెల్ ఆక్సైడు పొర నాలుగింటికీ ఒక్కొక్కటిగా, ఏళ్ల తరబడి, జవాబు చెప్పుకుంటూ వస్తోంది.

తల్లిదండ్రులు చేయగలిగింది ఇంకా చిన్నది. పిల్లవాడు ఫోను పట్టుకొచ్చి "చూడు నాన్నా, ఎంత గొప్పగా కనిపెట్టారో" అంటే కసురుకోవద్దు, తల ఊపి వదిలేయనూ వద్దు. "దీని గ్రాఫు ఏదిరా, చూపించు" అనండి. మనకు ఆ గ్రాఫు అర్థం కాకపోయినా ఫర్వాలేదు. వాడు వెతుకుతాడు. వెతికి, గీత సున్నాను తాకిన చోటు మీద వేలు పెట్టి చూపించే రోజు వస్తుంది.